మృణ్మయ పాత్రల తయారీ

మృణ్మయ పాత్రల తయారీ అనగా మట్టిని నీటితో ముద్దచేసి, రూపమిచ్చి, ఆరబెట్టి, నిప్పులో కాల్చి నిత్యోపయోగానికి పనికివచ్చే పాత్రలుగా మార్చే చేతిపని. మానవుడు నేర్చిన అతి ప్రాచీనమైన వృత్తులలో ఇది ఒకటి. ఒకరిద్దరు మాత్రమే పనిచేసే చిన్న కార్యశాలలో కప్పులు, గిన్నెలు, పళ్ళాలు, జాడీలు వంటి గాజుపూత పాత్రలు ఎలా తయారవుతాయో ఈ వ్యాసంలో వివరించబడింది. వ్యాసంలోని ఉష్ణోగ్రతలన్నీ సెంటీగ్రేడు మానంలో ఇవ్వబడినవి.

అలంకారానికి ఉంచే బొమ్మ చూడచక్కగా ఉంటే చాలును. వాడుక పాత్రకు అది చాలదు. అది నీటిని నిలపాలి, వేడిని ఓర్చుకోవాలి, పులుపుకూ ఉప్పుకూ కరగరాదు, తినేవారి ఆరోగ్యానికి హాని చేయరాదు. కనుక మట్టి ఎంపిక మొదలు కాల్పు వరకు ప్రతి దశనూ ఆ పాత్ర యొక్క వాడకమే నిర్ణయిస్తుంది.

వాడకాన్ని బట్టి పాత్ర

వేసవిలో మంచినీళ్ళు పోసుకునే కుండనూ, ఆవకాయ పెట్టుకునే జాడీనీ పోల్చి చూస్తే ఈ విషయం తేలికగా బోధపడుతుంది. నీటి కుండను సుమారు 700 నుండి 900 డిగ్రీల వద్ద కాలుస్తారు. అందులో సూక్ష్మమైన రంధ్రాలు మిగిలి ఉంటాయి. వాటి గుండా నీరు కొద్దికొద్దిగా బయటికి ఊరి, ఆవిరి అవుతూ, కుండలోని వేడిని తీసుకొనిపోతుంది. అందువలననే నీరు చల్లబడుతుంది. అంటే ఊరడం నీటి కుండకు గుణమే గాని లోపం కాదు.

జాడీకి కావలసినది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నూనె, ఉప్పు, పులుపు ఏడాది పొడుగునా అందులో నిలవ ఉండాలి. అందుకని దానిని 1200 డిగ్రీలకు పైన కాల్చి, మట్టిని రాతివలె గట్టిపరచి, పైన గాజుపూత వేస్తారు. ఇటువంటి పాత్రలను స్టోన్‌వేర్ అంటారు.

అయితే జాడీని పొయ్యిమీద పెడితే పగిలిపోతుంది. వంటకు వాడే మట్టి చట్టి మాత్రం మంటను తట్టుకుంటుంది. చట్టి మట్టిలో కలిపిన ఇసుక, తక్కువ కాల్పు వలన మిగిలిన రంధ్రాలు, వేడికి కలిగే వ్యాకోచాన్ని సర్దుకొని, పుట్టిన చిన్న పగులును ముందుకు సాగనివ్వవు. దట్టంగా కాలిన స్టోన్‌వేర్‌కు ఈ వెసులుబాటు లేదు. కాబట్టి ఎక్కువగా కాల్చిన పాత్ర అన్ని పనులకూ మేలైనదని భావించరాదు.

ఆధునిక కార్యశాలల చరిత్ర

మన గ్రామాలలో కుమ్మరులు తరతరాలుగా చేస్తున్న పని కుటుంబ వృత్తి. దానికి భిన్నంగా, కళాకారుడే మట్టి కలపడం నుండి కాల్పు వరకు అన్నీ తానే చూసుకొనే చిన్న కార్యశాలల పద్ధతి 20వ శతాబ్దంలో వ్యాప్తి చెందింది. బెర్నార్డ్ లీచ్, జపానుకు చెందిన షోజి హమదా కలిసి 1920లో ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో స్థాపించిన కార్యశాల ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1940లో వెలువడిన లీచ్ గ్రంథం "ఎ పాటర్స్ బుక్" చాలాకాలం ఈ రంగంలో పాఠ్యపుస్తకంలా ఉపయోగపడింది.

భారతదేశంలో ఈ పద్ధతికి ఆద్యులలో సర్దార్ గురుచరణ్ సింగ్ ముఖ్యులు. వీరు 1919లో జపాను వెళ్ళి అక్కడ ఈ విద్యను అభ్యసించారు. 1952లో ఢిల్లీలో "ఢిల్లీ బ్లూ ఆర్ట్ పాటరీ"ని నెలకొల్పారు. దక్షిణాదిన రే మీకర్, డెబోరా స్మిత్ దంపతులు 1971లో పాండిచ్చేరిలో (నేటి పుదుచ్చేరి) "గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ"ని ప్రారంభించారు. సరుగుడు కట్టెలతో కాల్చిన స్టోన్‌వేర్ వాడుక పాత్రలకు ఈ సంస్థ పేరు పొందింది. ఇక్కడ శిక్షణ పొందినవారు దేశంలోని పలు ప్రాంతాలలో సొంత కార్యశాలలు పెట్టుకున్నారు.

మట్టి

ఫెల్‌స్పార్ కలిగిన శిలలు వేల, లక్షల సంవత్సరాలపాటు శిథిలమై బంకమట్టిగా మారుతాయి. బంకమట్టి రేణువులు అతి సూక్ష్మమైన పలకల ఆకారంలో ఉంటాయి. వాటి నడుమ నీటి పొర చేరినపుడు అవి ఒకదానిపై ఒకటి జారుతాయి, కాని విడిపోవు. నొక్కితే వంగడం, వదిలితే ఆ రూపంలోనే నిలవడం అనే గుణం మట్టికి దీనివలననే వస్తుంది.

స్టోన్‌వేర్‌కు ఒకే మట్టి సరిపోవడం అరుదు. సాధారణంగా కింది పదార్థాలను కలుపుతారు.

* చైనా క్లే: తెల్లనిది, అధిక వేడిని తట్టుకొనేది. జిగురు తక్కువ.
* బాల్ క్లే: జిగురు ఎక్కువ. సారెపై పని సులభం చేస్తుంది, కాని ఎండితే ఎక్కువగా కుదించుకుపోతుంది. ద్వారకా తిరుమల పరిసరాలలో దీని నిక్షేపాలు ఉన్నాయి.
* ఫెల్‌స్పార్: కాల్పులో కరిగి, తక్కిన రేణువులను అతుకుతుంది. గూడూరు ప్రాంతపు అభ్రకపు గనుల పరిసరాలలో ఇది, పలుగురాయి రెండూ లభిస్తాయి.
* పలుగురాయి పొడి లేదా ఇసుక: మట్టికి ఎముకల గూడు వంటిది. కుదింపును తగ్గిస్తుంది.

మట్టిని సిద్ధం చేయుట

ఈ పదార్థాలను నీటిలో నానబెట్టి, జల్లెడ పట్టి, నీరు పోయేటట్లు ఆరనిచ్చి, చపాతీ పిండి కంటె కొంచెం గట్టిగా ఉండే ముద్ద చేస్తారు. ఈ ముద్దను తడి ఆరకుండా మూటకట్టి కొన్ని వారాలు మాగబెడితే నీరు ప్రతి రేణువుకూ చేరి జిగురు పెరుగుతుంది.

పనికి ముందు ముద్దను బల్లపై ఒత్తి పిసుకుతారు. దీని వలన గట్టి, మెత్తని భాగాలు ఏకమై, లోపలి గాలి బుడగలు పోతాయి. గాలి బుడగ ఉంటే పాత్ర ఆవంలో పేలుతుందని చాలామంది అంటారు. నిజానికి పేలుడుకు కారణం గాలి కాదు, పూర్తిగా ఆరని మట్టిలోని నీరు. అది ఒక్కసారిగా ఆవిరి అయినపుడు, బయటికి దారిలేక పాత్రను బద్దలుచేస్తుంది. గాలి బుడగ సారెపై పని చేసేటపుడు గోడను వంకర చేస్తుంది. తొలగించవలసిన అసలు కారణం అదే.

ఆకృతినిచ్చుట

సారె లేకుండానే మూడు విధాలుగా పాత్రలు చేయవచ్చు. ముద్దలో బొటనవేలు దింపి, చుట్టూ నొక్కుతూ చిన్న గిన్నె చేయడం మొదటిది. మట్టిని తాళ్ళవలె పేని, చుట్టలుగా పేర్చి, అతుకులు చెరిపివేయడం రెండవది. రొట్టెవలె పరచి, కోసి, అంచులు అతకడం మూడవది.

గుండ్రని పాత్రలకు ఎక్కువగా వాడేది సారె, అనగా కుమ్మరి చక్రం. సంప్రదాయ సారె బరువైనది. కర్రతో గిరగిర తిప్పి వదిలితే తన బరువుతోనే కొంతసేపు తిరుగుతుంది. కార్యశాలలలో కాలితో తన్ని తిప్పేవి, విద్యుత్తుతో తిరిగేవి వాడుతున్నారు. పని వరుస ఈ విధంగా ఉంటుంది.

1. ముద్దను సారె నడుమ గట్టిగా అంటించి, తడి చేతులతో నొక్కి, ఏమాత్రం ఊగకుండా కేంద్రానికి తెస్తారు. నేర్చుకొనేవారికి అన్నిటికంటె కష్టమైన దశ ఇది.
2. బొటనవేళ్ళతో నడుమ గుంట చేసి, అడుగు మందం నిలిపి, వెడల్పు చేస్తారు. అడుగు మట్టిని నొక్కి దట్టం చేయకపోతే ఆరేటపుడు అక్కడ చీలిక వస్తుంది.
3. లోపల ఒక చేయి, వెలుపల ఒక చేయి ఉంచి, రెంటి నడుమ మట్టిని నొక్కుతూ పైకి లాగుతారు. మూడు నాలుగు లాగుళ్ళలో గోడ 4, 5 మిల్లీమీటర్ల మందానికి రావాలి. ఆలస్యమైతే మట్టి నీరు పీల్చుకొని కూలిపోతుంది.
4. కావలసిన వంపు ఇచ్చి, అంచును తోలుముక్కతో నునుపు చేస్తారు. పెదవికి తగిలే భాగం అదే.
5. సన్నని తీగతో లేదా దారంతో అడుగు కోసి పాత్రను దింపుతారు.

గ్రామాలలో చేసే నీటి కుండకు మరొక దశ ఉంది. సారెపై దళసరిగా చేసిన పాత్ర కొంత ఆరిన పిమ్మట లోపల రాయి ఆనించి, వెలుపల చెక్కతో కొడుతూ గోడను పలుచన చేసి, అడుగును గుండ్రంగా మూస్తారు.

ఆరబెట్టుట, చెక్కుట

దింపిన పాత్రలు ఒక రోజుకు చెప్పుతోలు వంటి గట్టిదనానికి వస్తాయి. అప్పుడు వాటిని సారెపై బోర్లించి, ఇనుప పనిముట్టుతో అడుగు మట్టిని చెక్కి, నిలిచే కట్టు తీరుస్తారు. కప్పు పిడిని, జాడీ చెవులను అతికించవలసినదీ ఇప్పుడే. రెండు చోట్లా గీతలు గీసి, మట్టి గంజి పూసి, నొక్కుతారు. పాత్ర ఎక్కువగా ఆరి, పిడి తడిగా ఉంటే రెంటి కుదింపులో తేడా వచ్చి అతుకు విడిపోతుంది.

ఆ తరువాత పాత్రలను గాలి నేరుగా తగలని చోట, గుడ్డ లేదా ప్లాస్టిక్ కప్పి నిదానంగా ఆరబెడతారు. అంచు ముందు, అడుగు తరువాత ఆరితే చీలికలు వస్తాయి.

కుదింపు లెక్క

నీరు పోవడం వలన ఆరేటపుడు కొంత, రేణువులు అతుక్కోవడం వలన కాల్పులో మరికొంత, మొత్తం మీద స్టోన్‌వేర్ పొడవులో 10 నుండి 15 శాతం వరకు కుదించుకుపోతుంది. ఉదాహరణకు ఒక మట్టి కుదింపు 12 శాతం అనుకుందాం. కాలిన తరువాత 9 సెం.మీ. ఎత్తు ఉండవలసిన కప్పును తడిగా ఉన్నపుడు 9 ÷ 0.88, అనగా సుమారు 10.2 సెం.మీ. ఎత్తు చేయాలి.

ఘనపరిమాణంలో తగ్గుదల ఇంకా ఎక్కువ. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి గనుక 0.88 × 0.88 × 0.88 = సుమారు 0.68 అవుతుంది. తడిగా ఉన్నపుడు 300 మి.లీ. పట్టే కప్పు కాలిన తరువాత 204 మి.లీ. మాత్రమే పడుతుంది. జాడీకి మూత కుదరాలంటే రెంటినీ ఒకే మట్టితో, ఒకే రోజున చేసి, కలిపి ఆరబెట్టడం మంచిది.

తొలి కాల్పు

పూర్తిగా ఆరిన పాత్రలను మొదట 900 నుండి 1000 డిగ్రీల వరకు కాలుస్తారు. ఇందులో మూడు ఘట్టాలు ముఖ్యమైనవి.

* 100 డిగ్రీల ప్రాంతంలో మిగిలిన తేమ ఆవిరి అవుతుంది. ఇక్కడ తొందరపడితే పాత్రలు పేలతాయి.
* సుమారు 450 నుండి 600 డిగ్రీల నడుమ, మట్టిలో రసాయనికంగా బంధింపబడిన నీరు విడిపోతుంది. శుద్ధమైన చైనా క్లే బరువులో ఇది సుమారు 14 శాతం. కాలని పచ్చికుండను నీటిలో వేస్తే కరిగి తిరిగి మట్టి అవుతుంది. ఈ ఘట్టం దాటిన కుండ ఎన్నటికీ మట్టి కాదు.
* 573 డిగ్రీల వద్ద పలుగురాయి స్ఫటిక నిర్మాణం మారి, హఠాత్తుగా వ్యాకోచిస్తుంది. చల్లారేటపుడు ఇదే వద్ద సంకోచిస్తుంది. రెండు పర్యాయాలూ వేడిని నిదానంగా మార్చాలి.

ఈ కాల్పు తరువాత పాత్ర చేతికి గట్టిగా ఉన్నా, నీటిని పీల్చుకుంటుంది. ఈ పీల్చే గుణమే గాజుపూత అంటుకోవడానికి ఆధారం.

గాజుపూత

గాజుపూత, అనగా గ్లేజు, పాత్రపై పరచిన పలుచని గాజు పొర. ఇందులో మూడు భాగాలుంటాయి. గాజుగా మారేది సిలికా. అది ఒక్కటే కరగడానికి 1700 డిగ్రీలకు పైగా వేడి కావాలి. కనుక కరుగు వేడిని తగ్గించడానికి ఫెల్‌స్పార్, సున్నపురాయి పొడి, కట్టెల బూడిద వంటివి చేరుస్తారు. కరిగిన గాజు గోడపై నుండి జారిపోకుండా చిక్కగా నిలపడానికి చైనా క్లేలోని అల్యూమినా ఉపయోగపడుతుంది.

లీచ్ పేరుతో ప్రసిద్ధమైన ఒక పాళ్ళ లెక్క విద్యార్థులు గుర్తుంచుకొనడానికి వీలైనది: ఫెల్‌స్పార్ 4 పాళ్ళు, సిలికా 3, సున్నపురాయి పొడి 2, చైనా క్లే 1. రంగుల కొరకు లోహపు ఆక్సైడులు కలుపుతారు. కోబాల్టు ఒక శాతం లోపే గాఢమైన నీలం ఇస్తుంది. ఇనుము 8, 10 శాతం ఉంటే నలుపు, గోధుమ వన్నెలు వస్తాయి.

ఈ పొడులను నీటిలో కలిపి, సన్నని జల్లెడ పట్టి, పాత్రను కొన్ని క్షణాలు ముంచి తీస్తారు. అడుగుభాగాన పూత లేకుండా తుడవాలి. లేనిచో కరిగిన గాజు పాత్రను ఆవంలోని పలకకు అతికించివేస్తుంది.

తుది కాల్పు

పూత ఆరిన పాత్రలను ఒకదానికొకటి తగలకుండా ఆవంలో పేర్చి, 1200 నుండి 1300 డిగ్రీల వరకు కాలుస్తారు. ఇంధనం కట్టె, గ్యాసు లేదా విద్యుత్తు. వేడిని తెలుసుకొనడానికి ఉష్ణమాపకంతో పాటు, నిర్ణీత వేడికి వంగే చిన్న మట్టి శంకువులను వాడుతారు. వీటిని జర్మనీకి చెందిన హెర్మన్ సెగర్ 1886లో రూపొందించాడు. ఉష్ణోగ్రత ఒక్కటే కాక, అది ఎంతసేపు పనిచేసిందో కూడా శంకువు చూపుతుంది.

ఆవంలోనికి గాలి ధారాళంగా వస్తే ఆక్సీకరణం జరుగుతుంది. గాలి తగ్గిస్తే సగం కాలిన ఇంధనం నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడు, పూతలోని ఆక్సైడుల నుండి ఆక్సిజన్‌ను లాగుకొంటుంది. దీనిని క్షయకరణం అంటారు. ఒకే పూతలోని రాగి మొదటి పద్ధతిలో ఆకుపచ్చగాను, రెండవ పద్ధతిలో ఎరుపుగాను రావచ్చు. కొద్దిపాటి ఇనుము క్షయకరణంలో లేత ఆకుపచ్చ వన్నె ఇస్తుంది.

కాల్పు ముగిసిన వెంటనే ఆవం తెరవరాదు. చల్లగాలి తగిలితే పాత్రలు పగులుతాయి. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని తెలుగులో సామెత. ఏడాది శ్రమను గుదికర్ర ఒక్క దెబ్బతో పోగొడుతుందని దీని భావం. ఆవం తలుపు ముందు చూపిన తొందరపాటు కూడా అటువంటిదే. కొన్ని వారాల పని దానితో పోవచ్చు.

పాత్రను పరీక్షించుట

* నీటి పీల్పు: కాలిన మట్టి ముక్కను తూచి, కొన్ని గంటలు నీటిలో మరిగించి, నానబెట్టి, తుడిచి మళ్ళీ తూచాలి. 400 గ్రాములది 408 గ్రాములైతే పీల్పు 2 శాతం. స్టోన్‌వేర్‌కు ఇది 2, 3 శాతం మించకపోవడం మంచిది.
* సన్నని గీతలు: చల్లారేటపుడు గాజుపూత మట్టికంటె ఎక్కువగా సంకోచిస్తే పూతపై వల వంటి గీతలు వస్తాయి. తక్కువగా సంకోచిస్తే అంచుల వద్ద పెచ్చులూడుతుంది. పెచ్చులూడే పాత్ర అన్నపానీయాలకు పనికిరాదు. గాజుముక్క ఆహారంలో పడే ప్రమాదం ఉంది.
* పులుపు: పూతపై నిమ్మచెక్కను రాత్రంతా ఉంచితే రంగు, మెరుపు మారరాదు.

ఆహార భద్రత

తక్కువ వేడికే కరిగి మంచి మెరుపు ఇస్తుందనే కారణంతో, పూర్వం అనేక దేశాలలో గాజుపూతలో సీసపు ఆక్సైడు వాడేవారు. అటువంటి పూత సరిగా కుదరకపోతే చింతపండు, నిమ్మ, పెరుగు వంటి పుల్లని పదార్థాలు సీసాన్ని కరిగించి ఆహారంలో కలుపుతాయి. ఆ సంగతి రుచి చూసి తెలుసుకొనడం సాధ్యం కాదు. సీసం శరీరంలో పేరుకొని, ముఖ్యంగా పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. మెక్సికోలో సంప్రదాయ సీసపుపూత పాత్రలు వాడే కుటుంబాలలో రక్తంలోని సీసం పెరిగినట్లు పరిశోధనలలో తేలింది. ఎరుపు, పసుపు రంగులకు వాడే కాడ్మియం విషయంలోను ఇటువంటి జాగ్రత్త అవసరం.

నిమ్మచెక్క పరీక్షలో నెగ్గిన పాత్రలో సీసం లేదని చెప్పలేము. పూత బలహీనంగా ఉంటే మాత్రమే అది బయటపెడుతుంది. ప్రయోగశాలలో పాత్రను 4 శాతం ఎసిటిక్ ఆమ్లంతో నింపి, 24 గంటలు ఉంచి, అందులో కరిగిన సీసాన్ని, కాడ్మియంను కొలుస్తారు. పూతలో సీసం అసలే కలపకుండుట తయారీదారు చేయగలిగిన ఉత్తమమైన పని. కొనేవారు కూడా పూత గురించి అడిగి తెలుసుకొని, అలంకారానికని అమ్మిన పాత్రలను భోజనానికి వాడకపోవడం శ్రేయస్కరం.

కార్యశాలలో జాగ్రత్తలు

పొడి మట్టిలోను, పలుగురాయి పొడిలోను ఉండే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరితే కాలక్రమాన సిలికోసిస్ అనే వ్యాధి వస్తుంది. ఒకసారి పాడైన ఊపిరితిత్తి తిరిగి బాగుపడదు. అందువలన కార్యశాలను చీపురుతో ఊడ్వరాదు, తడిగుడ్డతో తుడవాలి. పొడులు కలిపేటపుడు తగిన ముసుగు ధరించాలి. క్షయకరణ కాల్పులో వెలువడే కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకమైనది గనుక ఆవం ఉన్నచోట గాలి బాగా ఆడాలి.

ఇవి కూడా చూడండి

* కుమ్మరి
* బంకమట్టి
* పింగాణీ
* గాజు
* సిలికోసిస్